ప్రిసిల్లా టీచర్ నవ్విన ఫొటో

ప్రిసిల్లా టీచర్ పోయిందని తెలిసినప్పుడు కాంతమణికి ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఎందుకు రాదు? పదేళ్లుగా ప్రిసిల్లా ఈమె చావు గురించి చెబుతూ వచ్చింది. "నీ బీపీ, నీ షుగరు, నీ నడక చూస్తుంటే నీ పెట్టె నేనే మొయ్యాలె కాంతమణీ" అని పెళ్లిళ్లలో, చర్చి మెట్ల మీద, కూరగాయల బండి దగ్గర, నలుగురూ వింటుండగా అనేది. వినగా వినగా కాంతమణికీ అదే ఖాయం అనిపించింది. తనకి ఏ చీర కట్టాలో కూతురు క్యారల్‌కి చెప్పి పెట్టింది కూడా. అలాంటిది, పొద్దున్నే అయిదింటికి లేచి, మొలకెత్తిన పెసలు తిని, పార్కు చుట్టూ ఆరు రౌండ్లు కొట్టే ప్రిసిల్లా, మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున ఏడింటికి, బొల్లారం పార్కులో బెంచీ మీద కూర్చుని లేవలేదు.

కూర్చోబోయే ముందు, పక్కన నడుస్తున్న ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుని ఆపి, చేతులు ఊపడం తప్పని చెప్పి, ఎలా ఊపాలో చూపించిందట. "ఊపు, నేను చూస్తుంటా" అని కూర్చుందట. ఆ మనిషి పది నిమిషాలు ఆమె ఎదురుగా నిలబడి చేతులు ఊపాడు. ఎక్కడా తప్పు పట్టకపోయేసరికి అనుమానమొచ్చి దగ్గరికెళ్లి చూశాడు.

ఎక్కడైనా సరే లైనులో అందరికంటే ముందు నిలబడటం దానికి అలవాటు, ఇక్కడా నన్ను తోసేసి ముందుకు పోయింది అనుకుంది కాంతమణి. అనుకుని, ఫోను పక్కన పెట్టి, బీపీ మాత్ర వేసుకుంది.

వీళ్లిద్దరూ, సీతామహాలక్ష్మీ తిరుమలగిరి వైపు ఒక మిషన్ స్కూల్లో పనిచేశారు. ప్రిసిల్లా డ్రిల్ టీచరు. కాంతమణి సోషల్. సీతామహాలక్ష్మి తెలుగు. ముగ్గురూ ఒకే స్టాఫ్ రూములో, ఒకే బల్ల దగ్గర, ముప్పై ఒక్క ఏళ్లు టిఫిన్ డబ్బాలు విప్పారు. రిటైరైన తర్వాత కూడా విడిపోకుండా ఉన్నారంటే అది ప్రేమ అని చూసేవాళ్లు అనుకునేవారు. సగం సంగతేమిటంటే, ప్రిసిల్లా వదలలేదు.

ప్రిసిల్లాది బొల్లారమే. తండ్రి కంటోన్మెంటులో కాంపౌండరు. కుర్రతనంలో నాలుగొందల మీటర్ల పరుగులో మెడల్ తెచ్చుకుంది. ఆ మెడల్ని షోకేసులో పెట్టి, ఇంటికొచ్చిన వాళ్లని సోఫాలో కాకుండా షోకేసుకి ఎదురుగా కూర్చోబెట్టేది. పెళ్లి చేసుకోలేదు. పెళ్లిచూపులకి వచ్చిన ఒక రైల్వే ఉద్యోగిని, మాట్లాడుకుందాం రమ్మని బొల్లారం నుంచి తిరుమలగిరి దాకా నడిపించిందని, ఆయన అక్కణ్నుంచి అటే బస్సెక్కి వెళ్లిపోయాడని మహాలక్ష్మి చెప్పేది. ప్రిసిల్లా దాన్ని కాదనలేదు. "గంత దూరం నడవలేనోడు సంసారమేం చేస్తడు" అనేది.

ఇక ఆ విజిల్. రిటైరైనా మెడలోంచి తియ్యలేదు. రోడ్డు దాటాలంటే విజిల్. చర్చిలో పిల్లలు గోల చేస్తే విజిల్. ఒకసారి ప్రసంగం నలభై నిమిషాలు దాటిందని పాస్టరుగారి మీదే ఊదిందని ఒక మాట ఉంది. అది నిజమే. కాంతమణి పక్కనే కూర్చుంది.

సమాధి కార్యక్రమం అయిపోయింది. తర్వాతి వారం శనివారం చర్చి హాల్లో, పోయినామెని తలుచుకోడానికి ఆదరణ కూడిక పెట్టారు. ప్రిసిల్లా ఉన్న ఇంటి కింది భాగంలో తమ్ముడు జకర్యా కుటుంబం ఉంటుంది. జకర్యా కొడుకు ఆషర్ ఫ్లెక్సీ బాధ్యత తీసుకున్నాడు. తీసుకున్నాక తెలిసింది, మేనత్తది ఒక్క ఫొటో కూడా పనికిరాదని. స్కూలు గ్రూపు ఫొటోల్లో విజిల్ ఊదబోతున్న మొహం. ఆధార్ కార్డులో ఆ ఫొటో తీసినవాణ్ని తిట్టబోతున్న మొహం. ఆషర్ పెళ్లి ఆల్బంలో అయితే మరీ ఘోరం, వధూవరుల వెనకాల నిలబడి వాళ్లు వంగి నిలబడ్డారని సైగ చేస్తున్న మొహం. "ఒక్క దాంట్ల సుత నవ్వలేదు ఆంటీ" అని ఆషర్ కాంతమణికి ఫోను చేశాడు.

నవ్విన ఫొటో ఒకటుందని కాంతమణికి తెలుసు. ఎవరి దగ్గరుందో కూడా తెలుసు. చెప్పాలా వద్దా అని రెండు గంటలు ఊరుకుంది. ఆ తర్వాత, చూసిన మనిషే చెప్పకపోతే బాగుండదని, మహాలక్ష్మి దగ్గర అండమాన్ ఫొటోలున్నాయని చెప్పింది.

అలా గురువారం మధ్యాహ్నం ఏ.ఎస్. రావు నగర్‌లో మహాలక్ష్మి ఫ్లాటులో చేరారు. ఆషర్, అతని భార్య షెకీనా నాలుగింటికి వస్తామన్నారు. కాంతమణి రెండింటికే వచ్చింది. మహాలక్ష్మి తలుపు తీసి, కాఫీ పెట్టింది. పొద్దుట్నుంచి వాట్సాప్‌లో నమస్కారం పెట్టిన చేతులు, వెలుగుతున్న కొవ్వొత్తులు నూటికి పైగా వచ్చాయని చూపించింది. ఒకావిడ కొవ్వొత్తి అనుకుని పుట్టినరోజు కేకు పంపింది. దాని కింద ఇంకో నలుగురు 'ఆమేన్' పెట్టారు.

తర్వాత ఫోను మధ్యలో పెట్టుకుని ఫొటోలు చూడటం మొదలుపెట్టారు.

అసలు ఆ ప్రయాణమే ఒక చావులోంచి పుట్టింది. రెండున్నరేళ్ల క్రితం ఆగస్టులో మహాలక్ష్మి భర్త ధర్మరాజు పోయాడు. ఆయనకి ఈ నగర్‌లోనే ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉండేది. వాళ్లది భీమవరం దగ్గర. అక్కణ్నుంచి చుట్టాలొచ్చి, మహాలక్ష్మిని ఒక మూల కూర్చోబెట్టి, కిటికీలు మూసి, వచ్చేవాళ్లు వచ్చి ఏడిపించి పోయేలా ఏర్పాటు చేశారు. నాలుగు నెలలైనా ఆమె ఆ మూల నుంచి కదల్లేదు. డిసెంబరులో ఒకరోజు ప్రిసిల్లా వచ్చి, చెప్పుల కాళ్లతోనే కిటికీలన్నీ తెరిచింది. "ఎన్ని దినాలు కూసుంటవే? మోకాళ్లు పట్టేస్తయి" అంది. వచ్చే నెల అండమాన్ పోతున్నామని ప్రకటించింది. కాంతమణిని ఎందుకు చేర్చిందంటే, ముప్పై ఏళ్లు ఆ దీవుల్ని గోడ మీది మ్యాపులో బెత్తంతో చూపించడమే తప్ప, అవి ఉన్నాయో లేవో ఈమె ఎన్నడూ చూసి రాలేదని.

ఏడాది తిరక్కుండా ప్రయాణమేమిటని మహాలక్ష్మి ఆడపడుచు భీమవరం నుంచి ఫోను చేసింది. ప్రిసిల్లా ఫోను అందుకుని, గదిలోకి వెళ్లి, తలుపేసుకుని మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఇప్పటికీ తెలీదు. ఆడపడుచు మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. ఏ విషయమూ ఎత్తలేదు.

మొదటి ఫొటో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో. ప్రిసిల్లా ట్రాక్ సూట్‌లో నిలబడింది. పక్కన ఇద్దరు ముసలమ్మలు, చంకల్లో దుప్పట్లు. "దుప్పట్లు ఎందుకు తెచ్చావే నువ్వు?" అంది మహాలక్ష్మి. నువ్వే తెమ్మన్నావు కదా అంది కాంతమణి. అక్కడే ఒక చిన్న గొడవ జరిగి, సద్దుమణిగింది.

తర్వాతివన్నీ నీళ్లు. ముప్పై ఏళ్లు పిల్లలకి సముద్రానికి నీలం రంగు వెయ్యమని చెప్పిన కాంతమణి అక్కడ నీలం ఎక్కడా ఒకే నీలంగా లేకపోవడం చూసి సిగ్గుపడింది. ఒడ్డున పచ్చిసొరకాయ రంగు, కొంచెం అవతల నెమలి మెడ రంగు, ఆ పైన సిరా రంగు. ఒడ్డు దాకా వచ్చి ఆగిన అడవి. పిండిలాంటి ఇసుక. అది చూస్తూ ఒక అరగంట నిలబడదామంటే ప్రిసిల్లా నిలబడనివ్వలేదు. ప్రతి చోటుకీ ఆమె ఇంత సమయమని కేటాయించింది. "చూసింది చాలు, నడువు" అనేది. సూర్యాస్తమయానికి కూడా అదే మాట. సూర్యుడింకా సగం పైనే ఉన్నాడు.

పొద్దున్నే బీచిలో డ్రిల్లు. చేతులు పైకి, చేతులు కిందికి. ఒకటే గదిలో మూడు మంచాలు. రాత్రంతా ప్రిసిల్లా గురక, పొద్దున లేచి మిగతా ఇద్దరూ గురక పెట్టారని ప్రిసిల్లా ఫిర్యాదు.

హేవ్‌లాక్ దీవికి పోయే ఓడలో మహాలక్ష్మికి కడుపులో తిప్పింది. వాంతి మధ్యలో ఎందుకో ధర్మరాజు గుర్తొచ్చి, ఆగస్టు తర్వాత మొదటిసారి గట్టిగా ఏడ్చింది. మూల కూర్చున్నప్పుడు రాని ఏడుపు. ఓడలో వాళ్లంతా తిరిగి చూశారు. ప్రిసిల్లా ఒక చేత్తో ఆమె తలని మేకపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకుని, ఇంకో చేత్తో కవరు పట్టుకుని, "ఏడ్చుడు అయినంక చెప్పు, టికెట్లు చూపియ్యాలె" అంది. దిగేదాకా ఆ తల వదల్లేదు.

దీనికి ఫొటో లేదు. మహాలక్ష్మి వేలితో తరువాతి ఫొటోకి జరిపింది.

తరువాతిది అదే. రాధానగర్ బీచి.

ఆ సాయంత్రం కాంతమణి చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది. మిగిలిన ఇద్దరికీ ఆటుపోట్లు ఎలా వస్తాయో పాఠం చెబుతోంది. చంద్రుడి ఆకర్షణ దగ్గరికి వచ్చేసరికి, సముద్రానికి వీపు పెట్టి ఒడ్డు వైపు తిరిగింది. అప్పుడొచ్చింది అల. నడుము మీద కొట్టింది. కాంతమణి బోర్లా పడి, నోటి నిండా ఉప్పునీళ్లతో లేచి, పాఠం పూర్తి చెయ్యడానికి నోరు తెరిచింది. ముందు నాలుగు పళ్ల సెట్టు లేదు. అల పట్టుకుపోయింది.

ప్రిసిల్లా నవ్వింది. ముప్పై ఒక్క ఏళ్ల స్టాఫ్ రూములో ఎవరూ వినని నవ్వు. నిలబడి నవ్వింది, వంగి నవ్వింది, ఇసకలో కూలబడి కాళ్లు కొట్టుకుంటూ నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. కాంతమణి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ధర్మరాజు పోయాక ఒక్క మనిషిని కూడా ఫొటో తియ్యని మహాలక్ష్మి, ఏం బుద్ధి పుట్టిందో, ఫోను తీసి నొక్కింది.

అంతటితో అయిపోతే బాగుండేది. నవ్వు ఆగాక ప్రిసిల్లా లేచి విజిల్ ఊదింది. బీచిలో కాపలా కాసేవాళ్లు కూడా విజిల్లే ఊదుతారు కాబట్టి, ఆమె ప్రభుత్వం మనిషి అనుకుని అందరూ ఆగిపోయారు. కొత్తగా పెళ్లయిన జంటల్ని, ఒక బెంగాలీ కుటుంబాన్ని, ఇద్దరు విదేశీయుల్ని ఒక లైనులో నిలబెట్టి, మోకాళ్ల లోతు నీళ్లలో పళ్ల సెట్టు వెతికించింది. హిందీలో, ఇంగ్లీషులో, అందరికీ అర్థమయ్యేలా ఏం పోయిందో వివరించింది. తన పళ్లు చూపించి మరీ వివరించింది. గంటసేపు వెతికారు. ఒక పెళ్లికొడుక్కి గవ్వ దొరికితే తీసుకొచ్చి కాంతమణికి ఇచ్చాడు, ఇదేనా ఆంటీ అని.

ఆ తర్వాత మూడు రోజులు కాంతమణి పెరుగన్నం తింది. హోటలు వాడికి, ఓడవాడికి, విమానంలో పక్క సీటువాడికి ప్రిసిల్లా కారణం చెప్పింది. సికింద్రాబాద్ తిరిగొచ్చిన ఆదివారం, స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడిగితే లేచి, "కాంతమణి టీచర్ పళ్ల కోసం ప్రార్థించండి, అండమాన్ సముద్రంల పోయినయి" అంది. నలభై మంది ఆడవాళ్లు తల వంచుకుని ప్రార్థించారు. భుజాలు కదులుతూనే ఉన్నాయి.

కాంతమణి ఆమెతో అయిదు నెలలు మాట్లాడలేదు.

తర్వాత ఎలా కలిశారంటే, కలవలేదు. జూలైలో కాంతమణికి కంటి ఆపరేషనైంది. క్యారల్‌కి ఆఫీసులో సెలవు దొరకలేదు. ప్రిసిల్లా పొద్దున్నే సంచీతో దిగి, రోజుకి ఆరుసార్లు కంట్లో చుక్కలు వేసింది. టైము కాగానే విజిల్ ఊది మరీ వేసింది. మూడు వారాలు. క్షమించమని ఒక్క మాట అడగలేదు. చివరి రోజు వెళ్తూ, "నీ ఇల్లు జెర ఊడ్వరాదే" అని వెళ్లింది. కాంతమణి ఆ క్షమాపణ కోసం అప్పటి నుంచీ ఎదురు చూస్తూనే ఉంది.

ఆషర్, షెకీనా వచ్చి ఆ ఫొటో చూసి నోరు వెళ్లబెట్టారు. షెకీనా కళ్లు తుడుచుకుంది. అత్తమ్మ ఇంత అందంగా నవ్వుతుందని తనకి తెలియనే తెలియదంది. "ప్రభువును చూసి నవ్వుతున్నట్టు లేదా ఆంటీ?" అని ఆషర్ అడిగాడు. మహాలక్ష్మి కాంతమణి వైపు చూసింది. ఆ ఫొటోలో ఎడమ పక్కన నోటికి అడ్డంగా ఒక చెయ్యి, తడిసిన చీర కుచ్చిళ్లు కనిపిస్తున్నాయి.

"బాగుంది. అదే పెట్టు. ఆ పక్కన చెయ్యి జెర కట్ చెయ్యమను" అంది కాంతమణి.

ఫ్లెక్సీ వాడు చెయ్యి కట్ చేశాడు. విజిల్ బాగా లేదని దాన్నీ తీసేసి మెడలో ముత్యాల దండ వేశాడు. సముద్రం తీసేసి మేఘాలు పెట్టాడు, మేఘాల్లోంచి మెట్లు, మెట్ల మీద రెండు పావురాలు. కింద బంగారు అక్షరాలతో, ప్రభువునందు నిద్రించిన ప్రిసిల్లా టీచర్ అని. నిద్రించిన మనిషి మాత్రం పది అడుగుల ఎత్తున నోరంతా తెరిచి నవ్వుతోంది.

శనివారం హాలు నిండింది. మహాలక్ష్మిని, కాంతమణిని ముందు వరసలో సరిగ్గా ఫ్లెక్సీ ఎదురుగా కూర్చోబెట్టారు. కాంతమణి ఎటు కదిలినా ఆ నవ్వు తననే చూస్తోంది. పాస్టరుగారు ప్రసంగంలో ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించి, పరలోకపు వాకిలిని ముందే చూసిన ముఖం ఇది, లోకంలోని ఏ సంగతిని చూసీ మనిషి ఇలా నవ్వలేడు అన్నారు. మహాలక్ష్మి గట్టిగా దగ్గింది.

తర్వాత సాక్ష్యాలు. మనిషికి మూడు నిమిషాలు. ముందుగా జకర్యా భార్య గ్లోరియా లేచింది. వదినె తనకి తల్లి తర్వాత తల్లి అని చెబుతూ మైకు పట్టుకుని ఏడ్చింది. పై వాటా నుంచి నీళ్లు కారుతున్నాయన్న గొడవతో ఈ గ్లోరియా ఆ తల్లి తర్వాత తల్లితో నాలుగేళ్లుగా చీటీల ద్వారా మాట్లాడుతోంది. చీటీలు మెట్ల మీద పెట్టేవారు. ఆ తర్వాత ఒక పాత విద్యార్థి, ఇప్పుడు పెద్ద కంపెనీలో మేనేజరు, ప్రిసిల్లా మేడమ్ ఏనాడూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదన్నాడు. అది నిజం. ఆమె చేసుకోదు, గ్రౌండు చుట్టూ తొమ్మిది రౌండ్లు పరిగెత్తిస్తుంది. ఇతను ఎనిమిదో రౌండులో పడిపోతే కాంతమణే గ్లూకోజు కలిపి తాగించింది. పరాయివాళ్లని నొప్పించే ఒక్క మాట ఆమె నోట రాలేదని ఇంకొకాయన అన్నాడు. ఆయనెవరో కాంతమణికి తెలీదు. ప్రిసిల్లాకీ తెలిసి ఉండదు.

కాంతమణి పేరు పిలిచారు. ఆమె రెండు పేజీలు రాసుకొచ్చింది. క్రమశిక్షణ, సేవ, విశ్వాసం, అన్నీ ఉన్నాయి. మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. కళ్లజోడు సర్దుకుని, ఒకసారి వెనక్కి తిరిగి ఫ్లెక్సీని చూసింది. కాగితం మడిచేసింది.

"ఆ నవ్వు ప్రభువును చూసి కాదు," అంది. "నన్ను చూసి."

ఆమె మొత్తం చెప్పింది. ఆటుపోట్ల పాఠం, అల, పళ్లు, విజిలు, పెళ్లికొడుకు తెచ్చిన గవ్వ. ముప్పై ఏళ్లు తరగతి గదిలో చెప్పినట్టే, ఎక్కడా నవ్వకుండా, వివరంగా చెప్పింది. ముందు ఎవరూ కదల్లేదు. పళ్లు చూపించి వివరించిన చోటికి వచ్చేసరికి వెనక వరసల్లో పాత విద్యార్థులు ఒకరిద్దరు ముక్కుల్లోంచి శబ్దం చేశారు. స్త్రీల కూడిక వాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అందరికంటే ముందు బయటికి నవ్వింది జకర్యా. డెబ్బై రెండేళ్ల మనిషి, పదిరోజులుగా నోరు విప్పని మనిషి, కుర్చీ చేతులు పట్టుకుని పగలబడి నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. గ్లోరియా ఆయన మోచెయ్యి గిల్లింది. ఆయన ఆపలేదు.

"దాని తర్వాత నేను అయిదు నెలలు మాట్లాడలే," అంది కాంతమణి. "అది నాకు సారీ చెప్పలే. నేనైతే దానికి..."

అక్కడ పాస్టరుగారు లేచి, "దేవునికి స్తోత్రం, మూడు నిమిషాలు అయినయి తల్లీ" అని మైకు అందుకున్నారు. ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ ప్రార్థన పదమూడు నిమిషాలు సాగింది. ఊదేవాళ్లు ఎవరూ లేరు.

భోజనాల దగ్గర గ్లోరియా వచ్చి, ఇటువంటి సంగతులు దేవుని మందిరంలో చెప్పేవి కావని, పెద్దవాళ్లు అందరూ ఏమనుకుంటారని అంది. కాంతమణి ఆమెను కాసేపు చూసి, ఇక పై వాటాలో ఎవరూ లేరు కదా, నీళ్లు కారడం ఆగిందా అని అడిగింది. గ్లోరియా బిర్యానీ వడ్డించే చోటికి వెళ్లిపోయింది. అక్కడ పరలోకం గురించి ఏడ్చినవాళ్లంతా ముక్కల కోసం డేగిసాలోకి తొంగి చూస్తున్నారు. శనివారం కాబట్టి మహాలక్ష్మి మాంసం ముట్టదు. ఆమె పళ్లెంలో ఉల్లిపాయ చక్రాలు, ఒక అప్పడం వేసి పాపం అన్నారు.

ఇద్దరూ ఒంటిగంటకి బయటపడి ఆటో ఎక్కారు. చేతుల్లో ప్రిసిల్లా బొమ్మ ఉన్న కరపత్రాలు చూసి, ఎవరు పోయిండ్రమ్మా అని ఆటో ఆయన అడిగాడు. ఫ్రెండు అన్నారు. మంచి మనిషా అని అడిగాడు. ఇద్దరూ ఒకేసారి కాదన్నారు. ఆయన అద్దంలో రెండుసార్లు చూశాడు.

ఫ్లాటుకి వెళ్లగానే మహాలక్ష్మి చీర కూడా మార్చుకోకుండా బాణలి పెట్టి బొంబాయి రవ్వ వేయించడం మొదలుపెట్టింది. కాంతమణి వంటింటి గట్టు మీద ఉల్లిపాయలు తరిగింది. రవ్వ వేగుతుంటే మహాలక్ష్మి వెనక్కి తిరక్కుండానే అంది.

"ఓడలో నా తల పట్టుకుంది చూడు. రెండు గంటల ఇరవై నిమిషాలు. దాని చెయ్యి తిమ్మిరెక్కిపోయి ఉంటుంది. ఒక్క మాట అన్లేదే."

"తర్వాత అన్నది. నీ తల బరువెక్కువని నాతోటి అన్నది."

"నిజంగానా?"

"నిజంగనే. లోపల ఏమున్నదో గంత బరువు, తెలుగు పద్యాలేమో అన్నది."

మహాలక్ష్మి గరిటె తిప్పడం ఆపింది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో కాంతమణికి వెనక నుంచి తెలీలేదు. లేచి వెళ్లి మంట తగ్గించింది, లేకపోతే రవ్వ మాడిపోయేది. గరిటె తీసుకుని తనే తిప్పింది. కొంతసేపటికి మహాలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుని, ఎసరు పోసింది.

పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నాక అడిగింది.

"మైకులో ఏదో చెప్పబోయావు. నేనైతే దానికి అని. ఏంటది?"

కాంతమణి ఉప్మా చల్లారడానికి చెంచాతో పరిచింది.

"అది సారీ చెప్తే ఏమనాలె అని జవాబు తయారు పెట్టుకున్న. రెండేండ్ల సంది."

"ఏవిటి జవాబు?"

"సరేలే అని."

మహాలక్ష్మి ఆమె వైపు చూసింది. "రెండేళ్లు ఆలోచించి సరేలేనా?"

"పెద్దది ఇంకోటున్నది. దాంట్ల తిట్లున్నయి. మూడ్ బట్టి ఏదంటే అది అందామని."

"పెద్దది చెప్పు."

కాంతమణి ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, మొదలుపెట్టింది. స్త్రీల కూడికలో లేచి నిలబడిన చోటి నుంచి మొదలుపెట్టి, వెనక్కి స్టాఫ్ రూము దాకా, అక్కణ్నుంచి ముందుకి కంటిచుక్కల దాకా వెళ్లింది. మధ్యలో మహాలక్ష్మి, అది కూడా చేర్చు, ఇది కూడా చేర్చు అని అందిస్తూ వచ్చింది. కొన్ని తిట్లు తెలుగు టీచరు సరిచేసింది. ఆ మధ్యాహ్నం నాలుగు దాకా ఇద్దరూ కలిసి ప్రిసిల్లాని తిట్టారు. మధ్యలో ఒకసారి కాంతమణి ఆగిపోతే, ఆమె వదిలిన చోటి నుంచి మహాలక్ష్మి అందుకుంది.